కథా, నిజమా?

నర్సీపట్నంలో మా పుస్తకాల షాపుకు కొత్త పుస్తకాలు రాగానే ఒక రిటైర్డ్ బస్సు కండక్టరుగారు వచ్చేవారు. ఏ పుస్తకం పట్టుకున్నా ముందు ఒకటే ప్రశ్న: "ఇది కథా, నిజమా అండీ?" కథంటేనే కొనేవారు. కథల్లో నిజంగా ఎవరికీ ఏమీ కాదని ఆయన ధీమా.

పోయిన వానాకాలంలో ఒక కొత్త నవల వచ్చింది. కొయ్యూరు ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడే చోట, నిలబడి చదువుతున్న ఆయన ఆగిపోయారు. ఆ పేజీ నా ముందుకు తిప్పారు.

"ఆ బస్సులో కండక్టర్ని నేనేనండి. మా డ్రైవరు తాగీసున్నాడని రాసీసారు. ఆడు సుక్క ముట్టనోడు. బ్రేకులు పడలేదండి."

"ఇది నవలే కదండీ" అన్నాను.

"సదివినోళ్లకి అదే నిజమండి. పాపం పోయినోడు వచ్చి సెప్పుకోలేడు. ఆడి కూతురు మీ షాపుకే వస్తాది. ఆ పిల్లకి మాత్రం సూపించకండి."

సరేనని ఆ కాపీలు లోపల పెట్టేశాను.

కొన్నాళ్లకు ఆ డ్రైవరు కూతురు వచ్చి ఆ నవల పేరు చెప్పింది. లేదన్నాను.

"నాకొద్దండి, విశాఖలో కొని సదివీసాను" అంది తల దించుకుని. "కండక్టరు మావయ్యకి అమ్మకండి. నాన్న గురించి అలా రాసారని తెలిస్తే తట్టుకోలేడు."

ఆయన అప్పటికే చదివేశారని ఆమెకు చెప్పలేకపోయాను.