నూట ఒకటో బేలు

నంద్యాల మత్తయి సారుకు ఏ వస్తువు చూపించినా, ఏ కబురు చెప్పినా, ఆయన నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంత నుంచి ఎంత దాకా?"

"సారూ, ఎండ మండిపోతాంది" అంటే "ఎంత నుంచి ఎంత దాకా?" "మా నాయనకు జ్వరం సారూ" అంటే "ఎంత నుంచి ఎంత దాకా?" పెళ్లి పత్రిక చేతిలో పెట్టి తప్పకుండా రావాలంటే ముహూర్తం వంక చూసేవాడు కాదు. "భోజనాలు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా?" అనేవాడు. తిండి మీద యావతో కాదు. హద్దులు తెలియని విషయం ఏదైనా ఆయనకు చొక్కా లోపల దూరిన చీమతో సమానం.

ఆయనకు గిట్టని మాట కూడా ఒకటుంది: "ఏం కాదులే." ఆ మాట అన్నవాళ్లతో రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. మా వైపు ఆ మాట అనకుండా ఎవరికీ పొద్దు గడవదు కనుక, ఆయన చాలామందితో చాలా రోజులు మాట్లాడకుండానే బతికాడు.

నేనప్పట్లో పుస్తకాల సంచీ భుజాన వేసుకొని బళ్ల చుట్టూ తిరుగుతుండేవాణ్ణి. ఈ వారం గడివేముల అయితే వచ్చే వారం దొర్నిపాడు. అట్లా తిరిగేవాడికి పుస్తకాలు అమ్ముడుపోకపోయినా మనుషులు దొరుకుతారు. ఇంట్లో గడియారాలన్నిటికీ తలా ఒక టైం పెట్టుకొని, ఏ పనికి ఏది అనుకూలమైతే ఆ గడియారాన్నే నమ్మే పెద్దమనిషిని చూశాను. వాన వస్తుందని పన్నెండేళ్లు గొడుగుతో నడిచి, వచ్చిన రోజు గొడుగు ఇంట్లో మరిచిన పోస్టుమాస్టర్ని చూశాను. మత్తయి సారు ముందు వాళ్లంతా మామూలు మనుషులే.

ఆయన పొద్దున బళ్లో లెక్కలు చెప్పేవాడు. భార్య మేరీ కూడా టీచరే. ఆమె మొగుణ్ణి బజారుకు పంపేటప్పుడు "వంకాయలు తే" అనేది కాదు. "మూడు పావుల నుంచి కిలో దాకా తే" అనేది. కూరగాయల రాములమ్మ కిలో తూచి, అలవాటుగా రెండు కాయలు కొసరు వేసేది. సారు ఆ రెండూ తీసి మళ్లీ గంపలో పెట్టేవాడు.

"కొసరు సారూ, ఉంచుకో."

"కిలో దాటింది రాములమ్మా."

"దాటితే కూర చేదవుతాదా? ఇన్నేండ్లుగా అమ్ముతాండా, కొసరొద్దనే మనిషిని యాడా చూడ్లా!"

ఆదివారం చర్చిలో దేవరాజు పాస్టరుగారికి కూడా ఇదే బాధ. పాస్టరుగారు గొంతు సవరించుకోగానే మొదటి బెంచీలోంచి ప్రశ్న: "అయ్యా, ఈ పూట ప్రసంగం ఎంత నుంచి ఎంత దాకా?"

"దేవుడు నడిపించినంత దాకా మత్తయ్యా."

"సృష్టంతా దేవుడు ఆరు రోజుల్లో ముగించినాడు గదయ్యా."

ఆ వారం ప్రసంగం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. బయటికి వచ్చాక జనం మత్తయి సారుతో చేతులు కలిపారు.

1997లో ఆయన సంజీవనగర్ గేటు దగ్గర ఒక సైకిలు షాపు మేడ మీద మూడు పాత కంప్యూటర్లు పెట్టి, సాయంత్రాలు ప్రోగ్రామింగు నేర్పడం మొదలుపెట్టాడు. ఊళ్లో అన్ని బోర్డుల మీదా 'సి' భాష వెలిగిపోతుంటే ఈయన బోర్డు మీద మాత్రం 'అడా నేర్పబడును' అని ఉండేది. అదీ ఒక కంప్యూటరు భాషే. దాని కంపైలరు ఏదో పత్రికతో వచ్చిన సీడీలో ఉచితంగా దొరికిందట. మనం రాసిన ప్రోగ్రామును తప్పులు పట్టి మరీ యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పరికరం అది. విత్తనాల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు కదా, మొదటి నెలలో నలుగురు రైతులు మేడెక్కి వచ్చి "అడా ఎకరాకెన్ని ప్యాకెట్లు పడతాది సారూ?" అని అడిగి పోయారు.

నాకు కంప్యూటరంటే తెరమీద చుక్క మిణుకుమనడం తప్ప ఏమీ తెలియదు. కానీ ఒక సాయంత్రం ఆయన పాఠం విని, ముప్పై ఏళ్ల చదువులో అంత తేటగా చెప్పిన పాఠం మరొకటి వినలేదనిపించింది.

"ఆళ్లగడ్డలో రుద్రవరం జీపెక్కినారా? సీట్లెన్ని?"

"పది సారూ" అంది వెన్నెల. ఆళ్లగడ్డ నుంచి రోజూ వచ్చి డిగ్రీ చదువుకొనే అమ్మాయి.

"ఎక్కేదెంతమంది?"

"ఇరవై రెండు."

"పదకొండోవాడు యాడ కూచుంటాడు?"

"పక్కోని తొడ మీద."

"ఇరవై రెండోవాడు?"

"డ్రైవర్ ఒళ్లో సారూ."

"మరి గేరెవరు మారుస్తారు?"

"వాడే సారూ!"

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "సి భాష ఆ జీపమ్మా. లెక్కలు దాచుకోడానికి పది గదులుంటే పదకొండో గదిలో రాయమన్నా రాస్తుంది. పోయి పక్కోని గదిలో కూచుంటుంది. ఏం కాదులే అంటుంది. అడా కండక్టరున్న బస్సు. పది అన్నామా, పదకొండోవాడు మెట్టు మీద కాలు పెడితే విజిలేసి బస్సు నిలబెడతాది."

"బస్సులో కూడా తొంభై మందిని ఎక్కిస్తాండారు గద సారూ?"

"అది కండక్టరు తప్పు. అడాది కాదు."

ఆయన పద్ధతులు అట్లాగే ఉండేవి. వయసు అని రాస్తే ఊరికే సంఖ్య అంటే ఒప్పుకోడు. సున్నా నుంచి నూట ఇరవై దాకా అని హద్దు రాయాలి. బరువుకో రకం, పొడుగుకో రకం. ఆ రెంటినీ ఎవడైనా పొరపాటున కూడబోతే కంపైలరే చెయ్యి పట్టుకుంటుంది. ప్రోగ్రాము ఏం చేస్తుందని ఇచ్చే మాట ఒక ఫైల్లో, చేసే పని ఇంకో ఫైల్లో. మాట రాయకుండా పని మొదలుపెట్టినవాళ్ల కీబోర్డు లాక్కునేవాడు. హెచ్చరికలన్నీ చూపించమని కంపైలర్ని అడగాలి, ఒక్కటి మిగిలినా ఇంటికి పోకూడదు. చివరికి పరీక్ష కూడా నడిమధ్యన కాదు. "నూరు పడుతుందంటే యాభై ఇచ్చి మురిసిపోవద్దు. సున్నా ఇయ్యి, ఒకటియ్యి, నూరియ్యి, నూట ఒకటియ్యి. గోడల కాడ తడిమి చూడాల."

వెన్నెల మొదటి ప్రోగ్రాముకు కంపైలరు నలభై మూడు తప్పులు చూపించింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకొని, "ఇది నన్ను తిడతాంది సారూ" అంది.

"తిట్టనీ. తిట్టించుకోవాల్సింది ఈడనే. ఈడ తప్పించుకుంటే ఆ తిట్లు బయట పాపం తెలీనోళ్ల మీద పడతాయి."

ఆ మాట అప్పుడు మా ఎవరికీ చెవికెక్కలేదు. ఆ వెన్నెల డిగ్రీ ముగించి ఆ సెంటర్లోనే పాఠాలు చెబుతున్న రోజుల్లో, 2003 చలికాలంలో, మళ్లీ గుర్తుకొచ్చింది.

ఆళ్లగడ్డ దగ్గర సుబ్బయ్యకు పత్తి మిల్లు ఉంది. పత్తిని ఇనప పెట్టెలో పోస్తే, పైనుంచి ప్రెస్సు దిగి, గట్టి మూటలా బిగించి బేలు కడుతుంది. ఆ ప్రెస్సును నడిపేది కంప్యూటరు. ఎవరో పట్నం నుంచి వచ్చి సి భాషలో రాసిపెట్టి పోయిన ప్రోగ్రాము. బేలు బయటికి లాగాక తలుపు తెరిచి ఉండగా లోపల అంటుకున్న పత్తిని చీపురుతో లాగేయడం జీవమ్మ పని. జీవమ్మ వెన్నెల తల్లి.

ఒక మధ్యాహ్నం తలుపు తెరిచి ఉండగానే ప్రెస్సు దిగింది. చీపురు పొడి అయింది. జీవమ్మ చెయ్యి జానెడు దూరంలో మిగిలింది.

మర్నాడే వెన్నెల మేడ మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. "సారూ, మాయమ్మను పన్లోకి రావద్దన్నాడు సుబ్బయ్య. తలుపు తీసే ఉందని అమ్మ అంటాంది, మూసుందని కంప్యూటర్లో ఉంది. కంప్యూటరు అబద్ధం చెప్పదు, నువ్వే ఏదో మీట ఒత్తింటావ్ అంటాడు. ఆ కూలి లేకపోతే మాకు జరగదు సారూ."

నేను అక్కడే ఉన్నాను. సారు పరామర్శించలేదు, ఓదార్చలేదు. "ఎన్నో బేలు?" అన్నాడు. ఈయనకు మనసు లేదు కాబోలని ఆ క్షణాన అనుకున్నాను.

ముగ్గురం ఆళ్లగడ్డ బస్సెక్కాం. మిల్లులో ప్రెస్సు పైన పెద్ద గుమ్మడికాయ వేలాడుతోంది. "దిష్టి సారూ" అన్నాడు సుబ్బయ్య. "పంట బాగా వచ్చిందని ఊరంతా ఏడుస్తాండారు."

"ఎంతమంది నుంచి ఎంతమంది దాకా?" అన్నాడు సారు. సుబ్బయ్య వేళ్లు లెక్కబెట్టబోయి ఆగిపోయాడు.

సారు జీవమ్మను పిలిపించాడు. "ఆ పొద్దు ఎన్నో బేలమ్మా?"

"నాకెట్ల తెలుస్తాది సారూ? ఒక్కరోజులో నూరు కట్టడం అదే మొదలని నూరోదానికి మావోళ్లు టెంకాయ కొట్టినారు. దాని తర్వాతది బయటికి లాగి కాటా మీద పెట్టినారు. నేను చీపురు లోపల పెట్టినా. బరువు ఎక్కించుకున్నట్టు కాటా కాడ గంట మోగింది, ఇది దిగింది. చెయ్యి ఎట్ల లాక్కున్నానో ఆ ప్రభువుకే తెలుసు."

సారు మొహం వెలిగింది. బీరువాలో మగ్గుతున్న ప్రోగ్రాము కాగితాలు తీయించి, నేల మీద పరిచి, చూపుడువేలుతో ఒక వరుస దగ్గర ఆగాడు.

"వెన్నెలా, బేళ్ల బరువులు దాచుకొనే గదులెన్ని?"

"నూరు సారూ."

"పక్క గదిలో ఏముంది?"

వెన్నెల వంగి చూసింది. "తలుపు మూసిందా లేదా అనేది."

"నూట ఒకటో బరువు యాడ కూచుంది?"

"డ్రైవర్ ఒళ్లో సారూ!"

తలుపు గదిలో బరువు పడేసరికి, తెరిచి ఉన్న తలుపును మూసిందనుకుంది కంప్యూటరు. సుబ్బయ్యకు ఇదేమీ అర్థం కాలేదు. అర్థం చేయించడానికి సారు దిష్టి గుమ్మడికాయను దింపించి, తెరిచిన తలుపులోంచి ప్రెస్సు కింద పెట్టించాడు. అందర్నీ పది అడుగుల దూరం నిలబెట్టాడు. లెక్కను మొదటికి తెచ్చి, ఒకే బేలును కాటా మీద ఎక్కిస్తూ దింపుతూ గంట కొట్టించాడు. తొంభై దాటింది. హమాలీలు తిట్టుకున్నారు. నూరు. ఏమీ కాలేదు.

"చూసినారా? నేను చెప్పలే?" అంటూ సుబ్బయ్య ముందుకొచ్చాడు.

నూట ఒకటి. ప్రెస్సు దిగింది. గుమ్మడికాయ సగం పెట్టెలో ఉంది, తక్కినదంతా సుబ్బయ్య తెల్ల చొక్కా మీద ఉంది.

సుబ్బయ్య చొక్కా మీది గింజలు తుడుచుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "ఇంగ రోజుకు తొంభైకే నిలిపేస్తాం సారూ. ఏం కాదులే."

సారు నోరు మూతబడింది. రెండు రోజుల నియమం. కానీ షరతులు చెప్పాల్సిన సమయం అదే. కనుక వెన్నెలను మధ్యలో నిలబెట్టాడు.

"వెన్నెలా, ఆయనకు చెప్పు. రేపట్నుంచి మీయమ్మ పన్లోకి వస్తాది."

"సుబ్బయ్యన్నా, రేపట్నుంచి—"

"వినబడతాందిలే పాపా! రమ్మను."

"ప్రోగ్రాం నేను కొత్తగా రాస్తానని చెప్పు. అంతదాకా తలుపు తెరిస్తే మోటారుకు కరెంటే అందకుండా తీగెలో ఒక స్విచ్చి పెట్టాల. తర్వాత కూడా ఉండాల. నేను రాసే ప్రోగ్రాం మీద నాక్కూడా నమ్మకం లేదని చెప్పు."

నలభై రోజులు రాశాడు. ఆ నలభై రోజులూ మిల్లంతా ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పింది. తలుపుకు మూడు స్థితులు పెట్టాడు: తెరిచింది, మూసింది, తెలీదు.

"తెలీదంటే ఏందీ?" అన్నాడు సుబ్బయ్య.

"మీ పాత కంప్యూటరు ఒక్కసారి కూడా చెప్పని నిజం. తెలీనప్పుడు ప్రెస్సు కదలదు."

"బాగుంది. రోజుకు బేళ్లు మాత్రం వెయ్యి దాకా పెట్టు సారూ, శుభంగా ఉంటాది."

"రాత్రింబగళ్లు తిరిగినా నాలుగొందలు దాటవు. నాలుగొందలు."

మూడేళ్ల తర్వాత, 2006లో, ఏదో పని మీద ఆళ్లగడ్డ పోయి, చూసి పోదామని మిల్లులోకి అడుగుపెట్టాను. నేను పోయిన వేళకే ప్రెస్సు నిలిచిపోయి, సన్నగా కూత పెడుతోంది. సరుకు ఆగింది, లారీ ఆగింది. సుబ్బయ్య ఎవరి మీద విరుచుకుపడతాడోనని చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"ఎవరి తప్పు సుబ్బయ్యా?"

"ఆడ రాసుంది గదప్పా, చూడు."

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: ప్రెస్సు నిలిచింది. తప్పు నాది. ఈడ పనిచేసేవాళ్లది కాదు. నాకు ఫోన్ చేయండి. మత్తయి, నంద్యాల. కింద ఇంటి ఫోన్ నంబరు.

"దుమ్ముపడి తలుపు సరిగ్గా అంటుకోకపోయినా, తప్పు నాదనే వస్తాది" అంది జీవమ్మ ఫోన్ వైపు నడుస్తూ. "ఇంగ ఈయన ఎవర్నీ ఏమీ అనలేడు. కంప్యూటరు అబద్ధం చెప్పదు గదా!"

సుబ్బయ్య విసనకర్ర వేగం కొంచెం పెంచాడు, అంతే.

ఆ పొద్దే నంద్యాల వచ్చి, సారు పక్కన వంకాయ కూరతో భోజనానికి కూర్చున్నాను. రెండు ముద్దలు తినేలోగా ఫోన్ మోగింది. సారు ఎంగిలి చేత్తోనే లేచాడు. "జీవమ్మా, ఎన్నో బేలు? ఊఁ. తలుపు సందులో గుడ్డతో తుడువు..." మాట్లాడి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ మోగింది. మళ్లీ లేచాడు.

ఆయన తిరిగి వచ్చేదాకా ఆగి, తొమ్మిదేళ్ల బాకీ తీర్చుకున్నాను. "సారూ, రోజుకు ఎన్ని ఫోన్లు? ఎంత నుంచి ఎంత దాకా?"

ఆయన అన్నంలో కూర కలిపాడు. "సున్నా నుంచి."

"ఎంత దాకా?"

"అది... పెట్టలేదప్పా."

లోపల్నుంచి మేరీ టీచరు గొంతు: "పెట్టడు! నిన్న అన్నం కాడ నాలుగుసార్లు లేచినాడు. ఇట్ల సగం కడుపుతో తిరిగితే ఒళ్లేమైపోవాల?"

మూడోసారి ఫోన్ మోగింది. మత్తయి సారు లేస్తూ అన్నాడు: "ఏం కాదులే."

అన్నాక గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఎవరన్నా విన్నారేమోనని నా వైపు చూశాడు. నేను వంకాయలో గింజలు లెక్కబెడుతున్నట్టు తల వంచుకున్నాను. నియమం ప్రకారమైతే ఆయన తనతో తాను రెండు రోజులు మాట్లాడకూడదు. జీవమ్మతో మాట్లాడవచ్చు.