మనిషి లేని సామాను

మా అమ్మకు బస్సు పడదు. ఆ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పి వాంతి చేసుకునేది. పెళ్లికైనా ఎద్దులబండి కడితేనే కదిలేది. అలాంటి మనిషికి బస్సుల చట్టంతో పనేమిటంటారా? చెబుతాను.

మా ఊరు మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే రోడ్డుమీద ఉంది. రాష్ట్రం ఏర్పడిన కొత్తరోజులవి, మేమింకా కర్నూలు జిల్లా కిందే ఉండేవాళ్లం. హైస్కూలు చదువుకోసం నాయన నన్ను మార్కాపురంలో తనకు తెలిసిన దుకాణదారు ఇంట్లో ఉంచాడు. వెనక గదిలో వాళ్ల ఆడపిల్లలతో పడుకునేదాన్ని. మంచివాళ్లే. కాకపోతే మేము కిరస్తానీలం, వాళ్ల వంటింట్లో మాకు చోటు లేదు. ఆ మాట వాళ్లూ అనలేదు, మేమూ అడగలేదు. పోనీ నేనే వండుకుందామంటే పక్కనే పలకల చట్రాలకు తెచ్చిన కర్ర నిల్వ ఉండేది. పొయ్యి వెలిగించడానికి లేదు.

అందుకని నా అన్నం బస్సులో వచ్చేది. పొద్దున్నే అమ్మ కారేజీ కట్టి, నీలం చీరపేలిక చుట్టి, రోడ్డు పక్క వేపకొమ్మకు తగిలించేది. కొమ్మకు కారేజీ కనిపిస్తే ప్రైవేటు బస్సు డ్రైవరు ఆపి ఎక్కించుకునేవాడు. పలకల కార్ఖానాల్లో పనిచేసే మా ఊరివాళ్లకూ అలాగే వచ్చేవి. మార్కాపురం బస్సు ఆఫీసులో అన్నీ మేకులకు వేలాడేవి. ఎవరి పేలిక గుర్తుపట్టి వాళ్లు తీసుకునేవాళ్లు. పైగిన్నె మధ్యాహ్నానికి, కింది గిన్నె రాత్రికి.

ఇంతలో చట్టం మారబోతోందనీ, ఇకమీదట బస్సులు సర్కారే నడుపుతుందనీ, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చనీ కబురు వచ్చింది. బస్సు యజమాని తరఫు మనిషి ఊరూరా తిరిగి కాగితాలమీద వేలిముద్రలు వేయించుకున్నాడు. మా నాయన మాత్రం సర్కారు పక్షం.

ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగానే ఆ మాట వచ్చింది.

"సర్కారు బస్సు టయానికి వస్తది. జనాన్ని కుక్కరు. మంచిదే గదా" అన్నాడు నాయన.

"మరి పాప కారేజీ?" అంది అమ్మ.

"మనిషి లేని సామాను ఎక్కించరంట. అట్ల రూలు పెడతారంట."

"అయితే పిల్ల తినేదేంది, నీ రూలా?"

"ఆ బస్సు వచ్చిన్నాడు బడి మాన్పిద్దాంలే. చదివిన కాడికి చాలు" అన్నాడు నాయన.

నాకు ముక్కుమీదే కోపం. పళ్లెం ముందునుంచి విసురుగా లేచిపోయాను. అమ్మ ఆ తర్వాత నాయనను పల్లెత్తు మాట అనలేదు సరికదా, ఊరంతా వేలిముద్ర వేసినా తను వేయలేదు. "నా యేలు పెడితే బస్సు ఆగుతదా?" అంది. నాయనమీదకన్నా ఆమెమీదే నాకు ఎక్కువ మండింది.

అభ్యంతరాలు అభ్యంతరాల్లాగే ఉండిపోయాయి. సర్కారు బస్సు వచ్చింది. ఆ మొదటిరోజు మధ్యాహ్నం గంట కొట్టగానే అలవాటు చొప్పున బస్సుల దగ్గరికి వెళ్లాను. మేకులన్నీ ఖాళీ. ఇక నా చదువు అయిపోయినట్టే అనుకుంటూ నిలబడ్డాను.

కొత్త బస్సు వచ్చి ఆగింది. అందరూ దిగాక, చిట్టచివర మా అమ్మ దిగింది! మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో నీలం పేలిక కట్టిన కారేజీ.

"నువ్వొచ్చినావేందిమా?"

"సామానుతో మనిషి ఉండాలన్నారు గదా. ఉండా."

పక్కకు పోయి వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి వచ్చి, "చల్లారకముందే తిను" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

"రేపటి నుంచి రావద్దు. నేనే బడి మానేస్తా."

"నోర్ముయ్. మానేదానివైతే నేను బస్సెందుకు ఎక్కుతా?"

మర్నాడు చూస్తే ఆమె చేతుల్లో కార్ఖానావాళ్ల కారేజీలు కూడా ఉన్నాయి. "ఎట్లాగూ కక్కుకుంటానే వస్తుండా, ఒకటైతే ఏంది, నాలుగైతే ఏంది" అని నవ్వింది. బర్రె పాలు అమ్మిన డబ్బులు టిక్కెట్టుకే పోయేవి. నాయన మొదట గొణిగాడు గానీ, తర్వాత తనే నిమ్మకాయలు తెచ్చిపెట్టేవాడు.

ఎస్సెల్సీ ఆఖరి పరీక్ష రాసి, అమ్మతోపాటు అదే బస్సులో ఇంటికి బయల్దేరాను. దారి పొడుగునా ఆమె నా ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఖాళీ కారేజీ నేను పట్టుకున్నాను. మా ఊరి దగ్గర దిగి, వేపచెట్టు కింద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంక నా జన్మలో బస్సు ఎక్కనే తల్లీ!" అంది.

ఎక్కలేదు కూడా.