ఈగల కుండమార్పిడి

మా కాలేజీ విద్యార్థుల కోసం ఈమధ్య అచ్చువేసిన చిన్న పుస్తకంలో నా గురించి ఒక మాట రాశారు. చూపుకు ఒకటే అనిపించే రెండు పండు ఈగలను, రెండు వైపులా జతలు కట్టి చూడాలన్న ముందుచూపుతో విడదీసి చూపించానట. విడదీసి చూపించిన మాట నిజమే, ముందుచూపు మాత్రం నాది కాదు. ఇన్నేళ్లు ఆ మెప్పును మాట్లాడకుండా మోసినందుకు సిగ్గుపడుతూ, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పటి సంగతి ఇది. నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తుండేవాడిని. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే నా చదువు. ఆ ఈగ పిల్లపురుగుగా ఉన్నప్పుడు దాని ఉమ్మిగ్రంథుల్లో క్రోమోజోములు బాగా లావుగా ఉంటాయి. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే అడ్డచారలు తేలతాయి. ఆ చారలను పోల్చి ఏ ఈగ ఏ ఈగకు దగ్గరి చుట్టమో, ఏది ఏ శాఖ నుంచి వేరుపడిందో చెప్పవచ్చు.

మార్కాపురం బజారులో పట్టిన ఈగలకూ, గిద్దలూరు అవతల అడవి అంచున సీతాఫలాల మీద పట్టిన ఈగలకూ కంటికి తేడా కనిపించలేదు. రెండోవాటి చారల్లో మాత్రం ఒకచోట ఒక ముక్క తిరగబడి ఉంది. ఇవి రెండు జాతులని నా నమ్మకం. మా ప్రొఫెసరుగారు ఒప్పుకోలేదు.

"ఒకే జాతిలోనూ ముక్కలు తిరగబడతాయోయ్. రెంటినీ కలిపి సంతానం సంగతి తేల్చు. తేల్చలేకపోతే ఈ పని వదిలేసి ఇంకోటి చూసుకో" అన్నారు.

మార్కాపురం మగ ఈగలను గిద్దలూరు ఆడ ఈగలతో కలిపాను. పిల్లలు పుట్టలేదు. ఆయన సీసా ఎత్తి చూసి, "వాటికి పడలేదో, నీ మేతకు బూజు పట్టిందో ఎవరికి తెలుసు?" అన్నారు. మగవాటిని గిద్దలూరు నుంచి, ఆడవాటిని మార్కాపురం నుంచి తెచ్చి కలపాలని నాకు తట్టలేదు. ఒక వైపు కుదరనిది రెండో వైపు ఎలా కుదురుతుందనుకున్నాను. కనీసం రెండు రకాలనూ కలవనివ్వకుండా తరతరాలు పెంచి, ఆ తిరగబడ్డ ముక్క చెక్కుచెదరదని చూపిద్దామని చలికాలానికి మార్కాపురంలో మా మేనత్త ఇంట్లో దిగాను.

మా మామది కిరాణా దుకాణం. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి ఒకే మాట చెప్పేవాడు. "బేరం లేనప్పుడు నేను ఈగలు తోలుకుంటా. మా అల్లుడు ఈగలు తోలేదానికే ఎమ్మెస్సీ చదివినాడు."

వెనక గదిలో పలకరాతి బండలు అరలుగా పేర్చి, సీసాలు పెట్టుకున్నాను. బెల్లం, జొన్నపిండి ఉడకేసి, రెండు చుక్కల కల్లు కలిపితే అదే వాటి మేత. రెక్కలు విప్పిన రోజే మగవాటినీ ఆడవాటినీ వేరు చేసి ఉంచేవాడిని. ఒకసారి నేను గిద్దలూరు పోవలసి వచ్చి, ఏ సీసాలోవి ఏ సీసాలోకి తట్టి వదలాలో అత్తకు చూపించాను.

"ఇవి రెండూ ఒక తల్లి పిల్లలేగదా?" అంది అత్త.

"అవునత్తా. ఈగలకు వరసలేంది?"

తిరిగొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఎదురైంది. మొహం వెలిగిపోతోంది.

"కలిపినా అల్లుడా. నువ్వు చెప్పినట్ల మాత్రం కాదు. తోడబుట్టినోళ్లకు ముడిపెట్టమంటే నాకు చేతులాడలేదు. అందుకని కుండమార్పిడి చేసినా. గిద్దలూరు పిల్లోళ్లకు మార్కాపురం ఆడపిల్లలు, మార్కాపురం పిల్లోళ్లకు గిద్దలూరు ఆడపిల్లలు. మన ఇండ్లల్లో అట్లనే గదా? నేనీ ఇంటికొచ్చినా, మీ మామ చెల్లెలు మీ ఇంటికి పోయింది. అట్ల చేసినందుకే గదా నువ్వు పుట్టినావు!"

నా చదువు గంగలో కలిపినావని అరిచాను. "ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి" అని కూడా అన్నాను. అత్త చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. ఆ చలికాలమంతా మళ్లీ ఆ గది గడప తొక్కలేదు.

సీసాలు పారబోయడానికి కూడా మనసు రాక అలాగే వదిలేశాను. కొన్నాళ్లకు ఒక పొద్దున చూద్దును కదా, మార్కాపురం మగవి ఉన్న సీసాల్లో ఎప్పటిలాగే పిల్లల్లేవు. గిద్దలూరు మగవీ మార్కాపురం ఆడవీ ఉన్న సీసాల్లో మాత్రం తెల్లటి పిల్లపురుగులు గాజు మీదికి పాకుతున్నాయి!

వాటిని పెంచాను. ఆడపిల్లలకు సంతానం కలిగింది. కొడుకులను ఏ ఆడ ఈగతో ఉంచినా కలగలేదు. ఒక కొడుకును కోసి, విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టాను. వీర్యకణాలు తోకలాడిస్తూ కిటకిటలాడవలసిన చోట కదలికే లేదు. కంచరగాడిదకు పిల్లలు కానట్టే ఇదీ. రెండు వంశాలు ఎప్పుడో విడిపోయి, వాటి జన్యువులు ఇక ఒకదానితో ఒకటి పొసగనంత దూరం వచ్చేశాయి. రెండు చోట్లా కొత్తగా ఈగలు పట్టి, నా చేత్తో జతలన్నీ మొదటినుంచి మళ్లీ వేశాను. మళ్లీ అదే ఫలితం.

ఒక్క ఉరుకున దుకాణంలోకి పోయి, బెల్లంగడ్డ విరిచి మామ నోట్లో పెట్టాను.

"ఏందిరా, ఈగలకు కొడుకులు పుట్టినారా?"

"గొడ్డుమోతు కొడుకులు పుట్టినారు మామా!"

"దానికి బెల్లమా?" అన్నాడు మామ, నమలడం ఆపకుండానే.

విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగారు సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు లేవలేదు. ఒక స్లైడు తీసి ఇంకోటి పెట్టమన్నారు, మళ్లీ ఇంకోటి. చివరకు లేచి, తన కుర్చీ నావైపు జరిపారు. "కూర్చోవోయ్. రెండే. రెండు జాతులే!" అన్నారు. అంత పెద్దమనిషి నా ముందు నిలబడి ఉండగా ఆ కుర్చీలో కూర్చున్నాను. జీవితంలో అంత ఎత్తున మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

"రెండో వైపు కూడా కలపాలని ఎలా తోచింది?" అని అడిగారు.

"తోచింది సార్" అన్నాను.

ఆ ఒక్క మాట మీదే నా డిగ్రీ, ఉద్యోగం, పేరు అన్నీ నిలబడ్డాయి. సిద్ధాంత గ్రంథంలోనూ అలాగే రాశాను.

పోయిన వారం మార్కాపురం వెళ్లి, అత్త పక్కన కూర్చుని అంతా చెప్పాను. సగం విని అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఆ కొడుకులకు పిల్లలు కాలేదా? అంటే సంబంధం నేనే చెడగొట్టినట్ల గదరా!"

"అది చెడినందుకే నేను గెలిచినానత్తా. గెలిపించింది నువ్వు."

"మరి ఆ పొద్దు అట్ల అరిచిందేంది?"

"బుద్ధిలేక."

"ఆ ముక్క ఇప్పటికి తెలిసిందా!" అని అత్త లేచి, వాకిట్లోకి పోయి ఎదురింటామెను కేకేసింది. "వదినా, ఓ వదినా! ఇట్రా! మావాడు పెద్ద సారు అయింది నేను చేసిన పెళ్లి వల్లనంట! ఎవరి పెళ్లనుకున్నావ్? ఈగల పెళ్లి!"