నాలుగు కొవ్వొత్తుల వయసు

నిన్న ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకో కొవ్వొత్తులు ఊదారు. ఆ పొగ వాసనకు, సీతాఫల్‌మండి ఇంట్లో నాకు పదకొండేళ్లు నిండిన రోజు గుర్తొచ్చింది.

అక్క అప్పుడే స్కూల్లో, ఒకట్లు సున్నాలతోనే అంకెలు రాసే బైనరీ నేర్చుకుని మా మీద ప్రయోగిస్తోంది. "నాలుగు కొవ్వొత్తులతో నీ వయసు చూపియ్యి. వెలిగితే ఒకటి, లేకుంటే సున్నా. కరెక్టయితే నా సైకిల్ రేపంతా నీదే. తప్పయితే మళ్ల అడగొద్దు" అంది.

పదకొండును రెండుతో భాగిస్తూ పోయి, శేషాలను ఒకదాని కింద ఒకటి రాసి, పైనుంచి చదివాను. ఒకటి, ఒకటి, సున్నా, ఒకటి. కొవ్వొత్తులను కేకు మీద ఎడమ నుంచి అదే వరుసలో గుచ్చి, మూడోది తప్ప అన్నీ వెలిగించాను.

నానమ్మ అగ్గిపెట్టె తీసింది. "ఏందే, పుట్టినరోజు నాడు గిట్ల ఒకటి ఆరిపోయి ఉంటదా?"

"ఆగు నానమ్మా! అది ముట్టిస్తే ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి కలిసి దీనికి పదిహేనేండ్లయితయ్" అంది అక్క.

"కానియ్యి. జెర బుద్ధన్నా వస్తది."

అక్క అగ్గిపెట్టె గుంజుకుని, టేబుల్ అవతలి నుంచే లెక్కపెట్టింది. "ఎనిమిది, సున్నా, రెండు, ఒకటి. పదకొండు! ఏమో అనుకున్న, తెలివి ఉందే నీకు."

మర్నాడు రెజిమెంటల్ బజార్ దాకా సైకిల్ మీద మేధావిలా తిరిగాను.

రెండేళ్ల తర్వాత మా టీచర్, శేషాలను కింది నుంచి పైకి చదవాలని చెప్పింది. అంటే నా వైపు నుంచి ఎనిమిది, నాలుగు, సున్నా, ఒకటి; కేకు మీద నేను పెట్టింది పదమూడు. ఎదురుగా నిలబడ్డ అక్కకు అది తిరగబడి పదకొండయింది.

నాకు లెక్కలు బాగా వచ్చని ఇప్పటికీ చెప్పేది అక్క ఒక్కతే. సరిదిద్దుదామనే అనుకుంటాను. కానీ ఆమె చూసిన వైపు నుంచి అది తప్పు కాదు కదా.