సగ్గుబియ్యం పగడాలు

చాయ్ చల్లారకముందే తాగున్రి. ఆ పళ్లెంల ఉన్నయి గూడ తీసుకోన్రి. ఎర్రగున్నయని భయపడకున్రి, అది మిఠాయి రంగే. తినుకుంట వినున్రి. పోయిన శనివారం నేను నా నౌకరీని నా చేతులతోనే సూదికెక్కిచ్చి, ఎండబెట్టి, తీస్కపోయి ఇన్‌స్పెక్ట్రెస్ మేడమ్ మెడల ఎట్ల వేసిన్నో చెప్త. నవ్వొస్తే నవ్వున్రి. చిక్కడపల్లి అంత నవ్వుతనే ఉన్నది, మీరు మాత్రం బిగబట్టుకుంటే నాకేమొస్తది?

నారాయణగూడల మా ఆడపిల్లల బడి తెల్సు గదా. అండ్ల నేను క్రాఫ్ట్ టీచర్ని. మూడేండ్ల సంది టెంపరరీ. టెంపరరీ అంటే ఏందంటే, ఎండాకాలం సెలవులిచ్చిన్నాడే నన్ను గూడ ఇంటికి తోలుతరు. జూన్‌ల పోయి, పెద్ద టీచరమ్మకు దండం పెట్టి, మళ్ళ కొత్తగ చేరాలె. ఇంట్ల మా అత్తమ్మ రోజూ ఒక్కటే పాట. "పూసలు గుచ్చుడు గూడ ఒక నౌకరీనా? పర్మనెంట్ అయినంక చెప్పు, అప్పుడు చాయ్ నేను పెడ్త" అని. ఈ యేడు క్రాఫ్ట్‌కు ఒక్క పర్మనెంట్ పోస్టు వచ్చింది. ఒక్కటే! ఆశపడేటోళ్ళం ఇద్దరం. నేను, సుభద్ర.

సుభద్రది తెనాలి. అశోక్‌నగర్‌ల కిరాయికుంటరు, మొగుడు సెక్రటేరియట్‌ల గుమాస్తా. మూడేండ్లు ఇద్దరం ఒక్క బల్ల మీద కూసోని పూసలు గుచ్చినం. పూసలతోని గులాబి పువ్వు అల్లుడు నాకు ఆమె నేర్పింది. చార్మినార్ కాడ పూసల దుకాణంల మోసపోకుండ కొనుడు ఆమెకు నేను నేర్పిన. పూసను పెదవికి ఆనిచ్చి చూడు, చల్లగ తగిలితే గాజు, లేకుంటే ప్లాస్టిక్ అని. దుకాణపాయన ముందలనే ఇద్దరం పూసలు మూతికి పెట్టుకోని కిలకిల నవ్వుతుంటే, ఆయన "అమ్మా, కొంటరా, తింటరా?" అని అడిగిండు ఒకసారి.

ఈ యేడు తెలంగాణ గొడవలు షురూ అయినయి గదా. ఒక దినం బడి, రెండు దినాలు బందు. మా స్టాఫ్ రూమ్‌ల ఎవరు ఏం చెప్పలే, ఎవరు గీత గియ్యలే. ఒకనాడు పోయి చూస్తే మేమందరం కిటికీ దిక్కు బెంచీ మీద ఉన్నం, ఆంధ్ర నుంచి వచ్చినోళ్ళందరు అల్మారా దిక్కు ఉన్నరు. మా నౌకరీలు మాకేనని ఊరంత మొత్తుకుంటున్నది. నాకు గూడ అట్లనే అనిపించింది. అనిపించలేదని ఎందుకు అబద్ధం చెప్పాలె? ఆ పోస్టు నాదే అనుకున్న.

ఇగ పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి చెప్పింది. "రాజమణీ, బడి వార్షికోత్సవానికి ఇన్‌స్పెక్ట్రెస్ మేడమ్ వస్తున్నది. పోస్టు కాగితం మీద సంతకం చేసేది ఆమెనే. పన్నెండు మంది పిల్లలు కోలాటం ఆడుతరు. వాళ్ళకు పూసల దండలు నువ్వు చెయ్యి. మేడమ్ కంట్ల పడాలె, అర్థమైందా?"

అర్థం కాకేం! కని పూసలేవి? రిక్షా చేసుకోని మూడు సార్లు చార్మినార్ దిక్కు పోయిన. మూడు సార్లూ దుకాణాలు బందే. మూడోసారి అయితే రిక్షా ఆయననే నా మీద జాలిపడి, "అక్కా, ఇగ రాకు, నా టైర్లు గూడ అరిగిపోతున్నయి" అన్నడు.

నేను మొఖం వేలాడేసుకోని బడికి పోతే సుభద్ర అల్మారా దిక్కు నుంచి లేచి, గది దాటి, మా బెంచీ కాడికి వచ్చింది. అందరు చూస్తున్నరు.

"ఏమే రాజీ, పూసలు దొరకలేదటగా? మా అమ్మ ఇచ్చిన గాజుపూసలు ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయే. పన్నెండు దండలకీ సరిపోతాయి. రేపు తెచ్చేస్తాను."

అందరు నా మొఖం చూస్తున్నరు. నేనేమన్ననో తెల్సా?

"అక్కర లేదండి. మీ పూసలు మాకెందుకు? మాయి మేం చూస్కుంటం."

అండి! మూడేండ్ల సంది "ఏమే, ఒసేయ్" అని పిలిచిన మనిషిని "అండి" అన్న. ఆమె గూడ "సరేనండి, మీ ఇష్టం" అని వెనక్కి పోయింది. మా బెంచీ మీదోళ్ళు నా భుజం తట్టిన్రు. గెలిచిన అనుకున్న.

కోపంతోని ఇంటికొచ్చి మిద్దె మీదికి పోయిన. మా అత్తమ్మ సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. చీర అంచుకు ఒక గింజ పడి ఎండి, ఎండకు మిలమిల మెరుస్తున్నది. చేతిల పట్టుకున్న. రాయి లెక్క గట్టిగున్నది. అచ్చం ముత్యం. ఎర్ర రంగు వేస్తే? పగడం! ఆ నిమిషంల నా అంత తెలివైనది హైదరాబాద్‌ల ఇంకొకతి లేదనుకున్న.

పెద్ద సగ్గుబియ్యం తెచ్చి, మిఠాయి రంగు కలిపి, గిన్నెల నానబోసి, అడుగింట్ల మూత పెట్టిన. గింజ మెత్తబడి, చితకకుండ ఉండే వేళ ఒకటుంటది, అప్పుడే సూది దిగాలె. ముందైతే పగుల్తది, ఆలస్యమైతే జావ అయితది. ఆ లోపల తలకు పోసుకోని వద్దామని పోయిన. అంతే నేను చేసిన తప్పు. అడుగింట్ల మా అత్తమ్మ ఉన్నది.

వచ్చి కూసోని గుచ్చుడు షురూ చేసిన. జరసేపటికి వేళ్ళు మండుతున్నయి. సూది గుచ్చుకోని మండుతున్నయనుకున్న. ముక్కు తుడుచుకుంటే ముక్కు మండింది. రంగు మంచిది గాదేమో అనుకున్న. అప్పుడన్న ఒక్క గింజ నోట్లేసుకోని చూడొద్దా? పూసలను మూతికి పెట్టి చూడమని ఊరందరికి చెప్పే మనిషిని!

నీళ్ళు వంచేసి, గింజలను తడిగుడ్డల మూటగట్టుకోని మూడు దినాలు గుచ్చిన. కళ్ళు గుంజుకపోయినయి. మిద్దె మీద కట్టె పట్టుకోని కాకులను కొట్టుకుంట కూసున్న. పన్నెండు దండలు, చాలకపోతే పనికొస్తయని ఇంకో నాలుగు, మేడమ్‌కు చూపిచ్చెటందుకు అయిదు పేటలది ఒకటి. పైన వార్నిష్ కొట్టాలె అని తెల్సు. కని వార్నిష్ దుకాణం గూడ బందే.

పెద్ద టీచరమ్మ చూసి నోరు తెరిచింది. "ఎక్కడియి రాజమణీ ఇవి? ఊరంత బందు ఉంటే!"

"చార్మినార్ కాడ ఎరుకైన ఆయన ఉన్నడు టీచర్. నా కోసమని వెనక తలుపు తీసి ఇచ్చిండు" అన్న. సుభద్ర విననీ అని జర గట్టిగనే అన్న.

శనివారం పొద్దుగల పదింటికే ఎండ మాడుస్తున్నది. బడి ముందల షామియానా. పూల దుకాణాలు లేవు గదా, ఇన్‌స్పెక్ట్రెస్ మేడమ్‌కు వెయ్యడానికి పూలదండ లేదు. పెద్ద టీచరమ్మకు ఐడియా వచ్చింది. "నీ అయిదు పేటలదే వేద్దాం!" వేసిన్రు. మేడమ్ తెల్ల పట్టుచీర మీద ఎర్ర పగడాలు. ఆహా! నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"చాలా బాగుంది. నిజం పగడాలే అనుకున్నాను. ఎవరు చేశారు?"

"మా క్రాఫ్ట్ టీచర్ రాజమణి, మేడమ్. పర్మనెంట్ కావలసిన అమ్మాయి."

మేడమ్ నన్ను చూసి తల ఊపింది. ఆ తల ఊపుడే నాకు దక్కింది, ఇగ ఏం దక్కలే.

మేడమ్ ఉపన్యాసానికి లేచింది. అయిపోతదనుకుంటే అయిపోతలేదు. చెమటలు కారుతున్నయి. ఆమె ఒకసారి మెడ గోక్కున్నది. మళ్ళ గోక్కున్నది. "క్రమశిక్షణ..." అనుకుంట చెయ్యి ముందలికి తెచ్చేసరికి చెయ్యంత ఎర్రగ! చీర మీద ఎర్ర ధారలు!

ఎవరో ఆడమనిషి వెనక నుంచి "రక్తం!" అని అరిసింది.

ఈ దినాలల్ల ఆ మాట అంటే ఇగ చూస్కోన్రి! "గోడ అవతల నుంచి రాయేసిన్రు!" అని ఒకరు. "పోలీసోళ్ళొచ్చిన్రు!" అని ఒకరు. చౌకీదార్ గేటు మూసి, తాళమేసి, తాళంచెవి పట్టుకోని తనే బయట ఉండిపోయిండు. తల్లులు పిల్లల్ని గుంజుకోని ఉరుకుతున్నరు. షామియానా గుంజ ఒకటి ఒరిగింది. పెద్ద టీచరమ్మ బల్ల కిందికి పోయింది, నా కండ్లతోని చూసిన. మేడమ్ ఒక్కతే నిలబడి, మెడ పట్టుకోని, "మంట! మంట!" అంటున్నది.

అప్పుడు, కోలాటం పిల్లలల్ల అందరి కన్న చిన్నది, అయిదో క్లాసు పద్మ, మైకు కాడ నిలబడి, తన మెడల దండ చీకుతున్నది. చీకి, మైకు ముందలనే గట్టిగ చెప్పింది.

"టీచర్! దండ కారంగున్నది! ఉప్పు గూడ ఉన్నది!"

మైకు మంచిగనే పని చేస్తున్నది ఆ రోజు.

అప్పుడు సమజైంది నాకు. అత్తమ్మ! నేను తలకు పోసుకునే వేళకు గిన్నె మూత తీసి, నేను వడియాలకు నానబోసిన అనుకోని, ఉప్పేసి, పచ్చిమిరపకాయలు నూరి, గుడ్డల పిండి ఆ రసం పోసింది. మా అత్తమ్మ వడియాలల్ల మిరపతొక్క కనపడదు, రసమే పోస్తది. తర్వాత అడిగితే ఏమన్నదో తెల్సా? "ఉప్పు కారం మరిచి పోయినవు, కోడలు పరువు పోతదని నేనే వేసిన" అన్నది. నా పరువు కోసమేనట!

పిల్లలందరు మెడలు పట్టుకోని ఏడుస్తున్నరు. దండలు తీద్దామంటే చెమటకు జావైపోయి అతుక్కపోయినయి. నేను బొమ్మ లెక్క నిలబడ్డ. ఉరికొచ్చింది ఎవరు? సుభద్ర. తన టిఫిన్ క్యారియర్‌ల పెరుగు తీసి, మేడమ్ మెడకు రాసి, పిల్లలకు రాసి, తడిగుడ్డతోని తుడిచి, అందరిని కూసోబెట్టింది. తన సంచిల నుంచి ఒక డబ్బా తీసింది. అండ్ల పన్నెండు దండలు. నీలం, తెలుపు గాజుపూసలు, మధ్యల మా గులాబి పువ్వు. అన్ని గుచ్చి తయారుగున్నయి.

పిల్లలు అవేసుకోని కోలాటం ఆడిన్రు. మంచిగ ఆడిన్రు. నాకేమో ఒక్కటే రంధి. నేను వద్దన్నంక గూడ ఎందుకు గుచ్చింది? నా నౌకరీ గుంజుకోవడానికే! ముందలనే అనుకోని పెట్టుకున్నది!

ఆట అయినంక మేడమ్, మెడకు పెరుగుతోనే, అడిగింది. "ఈ దండలెవరు చేశారు?"

సుభద్ర నా దిక్కు చూడకుండనే చెప్పింది. "ఇద్దరం కలిసి చేశామండి. రాజీ, నేను. అవి పాడైతే ఇవి వేద్దామని రాజీయే అనుకుంది."

మేడమ్ మొఖం జర చల్లబడ్డది. పెద్ద టీచరమ్మ ఊపిరి పీల్చుకున్నది. నేను నోరు మూసుకోని ఉంటే అయిపోతుండె! ఉన్ననా?

"లేదు మేడమ్" అన్న. "నేను ఒక్క పూస గూడ ముట్టలే. అన్ని ఆమెవే. వాళ్ళ దయ మాకేం అక్కర లేదు."

ఆ రోజు నా నోట్లకెళ్ళి వచ్చిన నిజం అదొక్కటే. అది గూడ కుళ్ళుతోని వచ్చింది. మేడమ్ పుస్తకం తీసి ఏమో రాసుకున్నది. సుభద్ర ఖాళీ డబ్బా మూత పెట్టుకుంటుంటే ఆమె వేళ్ళు చూసిన. సూది పోట్లతోని నా వేళ్ళ కన్న అధ్వాన్నంగున్నయి. మూడు దినాలు ఆమె గూడ నా లెక్కనే కూసోని గుచ్చింది. నా పేరు మీద గుచ్చింది.

నిన్న ఆర్డర్ వచ్చింది. సుభద్ర పర్మనెంట్. నేను సెలవులదాక. పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి, "వంట క్లాసుల ఖాళీ వస్తే చెప్తలే రాజమణీ" అన్నది. ఎగతాళికి గాదు, నిజంగనే అన్నది, అదే నాకు ఎక్కువ మండింది. సుభద్రకు ఒక మాట చెప్దామని అల్మారా దిక్కు పోయిన. "నీకు వచ్చింది, మంచిగైంది" అందామనుకున్న. నోరు తెరిచేసరికి "కంగ్రాచులేషన్స్ అండి" అని వచ్చింది. ఆమె "థాంక్స్ అండి" అన్నది. అంతే. ఎనిమిది అడుగుల గది, దాటి గూడ దాటలేకపోయిన. ఇంటికొచ్చేదాక ఏడుసుకుంట వచ్చిన.

ఇంటికొస్తే మా అత్తమ్మ పొయ్యి కాడ ఉన్నది. పర్మనెంట్ అయితనే చాయ్ పెడ్తనన్న మనిషి, నా మొఖం చూసి, ఏమడగకుండనే చాయ్ పెట్టింది. ఎవ్వరి మెడల వెయ్యని నాలుగు దండలు మిగిలినయి గదా, వాటి దారం గుంజి పడేసి, నూనెల ఏంచింది. మస్తు పొంగినయి.

అగో, ఆగిన్రేంది? తినున్రి! ఇందాకటి సంది మీరు చాయ్‌తోని కరకర నముల్తున్నది నా పర్మనెంట్ నౌకరీనే. కొన్ని పొట్లం గట్టిన, మీల ఎవరన్న అశోక్‌నగర్ దిక్కు పోతే సుభద్రకు ఇయ్యున్రి. నేనిచ్చిన అని చెప్పకున్రి.

ఉప్పు, కారం సరిపోయినయా?