ఒకే బస్సులో ఇద్దరు ఆడపిల్లలు

వాకాడు దాటి సముద్రం వైపు వచ్చే దారిలో మా పల్లె. ఇంటి వెనక ఉప్పునీటి కాలవ, దాని అవతల సరుగుడు తోట, తోటకి ఆవల సముద్రం. గాలి లేచిందంటే వినిపించేది చెట్ల హోరో, అలల హోరో పడుకున్నవాళ్లకు తెలిసేది కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు కళ్లు మూసుకుని ఆ హోరు వింటూ, "దేవుడు నిద్రపోతా ఉండాడా అమ్మా?" అని అడిగేది. "నిద్రపోడు, మనల్ని చూస్తా ఉంటాడు" అనేదాన్ని. ఆ మాట వింటూనే నిద్రలోకి జారుకునేది.

మావారు పక్క ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. పొద్దు వాలే వేళకి ముగ్గురం డాబా మీద చాప పరుచుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం. ఆయన వాక్యం చదివేవారు, నేను పాట ఎత్తుకునేదాన్ని. ఆకాశం కొంచెంకొంచెంగా రంగు మారుతుండగా కొంగలు బారులు తీరి మా తల మీదుగా గూళ్లకు పోయేవి. పాపకి మంచి ర్యాంకు ఇమ్మని ఆయన ఏనాడూ అడగలేదు. "ప్రభువా, దీనికి ఎదుటివాళ్ల బాధ తెలిసే మనసివ్వు" అని మాత్రం అడిగేవారు. నేను ఆమెన్ అనేదాన్ని. ఆ ప్రార్థన నిజంగానే ఫలిస్తే మా ఇంట్లో ఏం జరుగుతుందో మేమిద్దరం ఆలోచించలేదు.

పదో తరగతిలో పాప మండలానికే మొదటిదిగా నిలిచింది. నెల్లూరులో పేరున్న ఒక రెసిడెన్షియల్ కాలేజీ వాళ్లు పిలిచి సీటిచ్చారు. అక్కడ చదివితే డాక్టరు సీటు ఖాయమని చుట్టాలందరూ అన్నారు. నేను కొత్త ట్రంకు పెట్టె తెచ్చి, దుప్పట్లు మడిచి సర్దడం మొదలుపెట్టాను. తెల్లకోటు వేసుకున్న బిడ్డ పగటి కలలా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేది.

పాపకి ఒకటో తరగతి నుంచి ఒకే స్నేహితురాలు. చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల, వాళ్ల ఇల్లు తీరానికి దగ్గర. తల్లి అంతకుముందు ఏడాదే కామెర్లతో పోయింది. పదయ్యాక ఆ పిల్లని ఇక చదివించనన్నాడు తండ్రి. మంచి మనిషే. భయం, అంతే. తెల్లారకముందే పడవ మీద పోయేవాడు, తల్లి లేని పిల్ల ఒంటరిగా బస్సెక్కి ఎట్టా పోతుందని దిగులు.

ఒక రోజు పొద్దున్నే నేను వాకిలి చిమ్ముతున్నాను. ఎండాకాలమే అయినా ఆ పొద్దున మంచు కమ్ముకుని కాలవ కనిపించడంలేదు. పాప ఆ మంచులోంచే నడిచొచ్చింది. ఎప్పుడు లేచి వెళ్లిందో కూడా నేను చూడలేదు.

"అమ్మా, నేను నెల్లూరు పోను. వాకాడు కాలేజీలో చేరతా."

"ఏందే నువ్వనేది?"

"నేను తోడుంటే దాన్ని కూడా పంపిస్తానన్నాడు వాళ్ల నాయన. ఆయన పడవెక్కకముందే పోయి అడిగొచ్చినా."

"మరి నీ డాక్టరు చదువు?"

"ఇక్కడే చదువుతా. సీటు వస్తే వస్తాది, లేకపోతే ఇంకోటి చదువుకుంటా. అది ఇప్పుడు ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టలేదమ్మా."

చీపురు చేతిలోనే ఉంది. అలాగే లోపలికి పోయి మావారికి సంగతి చెప్పాను. సాయంత్రం డాబా మీద ఆయన ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, "ప్రభువా, దీనికి..." అని ఆగిపోయారు. నేను కళ్లు తెరిచి చూస్తే ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. చివరికి అన్నారు: "ఇచ్చావు ప్రభువా. ఇప్పుడు మాకు ధైర్యమివ్వు."

మరునాడు మా ఆడబిడ్డ ఫోన్ చేసి తమ్ముణ్ణి దులిపేసింది. "ఎవరో పిల్ల కోసం మన పిల్ల బతుకు పాడుచేస్తారా? మీకేమన్నా పిచ్చా?"

"రోజూ మేము అడిగింది అదే కదక్కా. ఇచ్చినాక వద్దని ఎట్టా అనేది?" అన్నారాయన.

నేను ట్రంకు పెట్టెలోంచి దుప్పట్లు తీసి మళ్లీ బీరువాలో పెట్టాను.

ఆ రెండేళ్ల ఉదయాలు తలుచుకుంటే ఇప్పటికీ అన్నీ మంచులోంచే కనబడతాయి. రెండు జడల పిల్లలిద్దరు, భుజాన సంచులు, దూరంగా పచ్చగా మసకగా బస్సు లైట్లు. చలికాలంలో పులికాట్ సరస్సు వైపు పోయే ఎర్రకాళ్ల కొంగల గుంపులు కనిపిస్తే ఇద్దరూ మెడలు వెనక్కి వంచి చూస్తూ బస్సు సంగతే మరిచిపోయేవాళ్లు. వేటకి పోని రోజు ఆ పిల్ల తండ్రి కూడా వచ్చి, బస్సు కదిలేదాకా సైకిల్ పట్టుకుని నిలబడేవాడు. అప్పుడప్పుడు మా గుమ్మంలో చేపలు పెట్టి, "కూర చేసుకోండక్కా" అని లోపలికి రాకుండానే వెళ్లిపోయేవాడు.

మా అమ్మాయికి డాక్టరు సీటు రాలేదు. ఆ రోజు నేను సరుగుడు తోటలోకి పోయి ఏడ్చాను. దేవుణ్ణి ఎందుకని కూడా అడిగాను. ఆమె మాత్రం రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోనాడు స్నేహితురాలిని నర్సింగ్ కాలేజీలో చేర్చడానికి తోడుగా నెల్లూరు వెళ్లింది. తర్వాత తను డిగ్రీ చదివి, టీచరు ట్రైనింగ్ చేసింది. ఆ పిల్ల ఇప్పుడు నెల్లూరు ఆసుపత్రిలో నర్సు. తండ్రికి కంటి ఆపరేషన్ తనే దగ్గరుండి చేయించింది.

మా అమ్మాయి చిట్టమూరు వైపు ఒక చిన్న బళ్లో పనిచేస్తోంది. మొన్న చలికాలంలో చూడ్డానికి వెళ్లాను. బడికి ఇంకా గంట కొట్టలేదు. వరండాలో నీరెండ పడుతోంది. ఒక చిన్నపిల్ల తలంతా రేగిపోయి ఉంది, వాళ్లమ్మ చీకటితోనే చేపలమ్మడానికి వెళ్లిపోయిందట. మా అమ్మాయి ఆ పిల్లని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా చిక్కు తీస్తూ జడ వేస్తోంది. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. అమ్మాయి ఏదో సన్నగా పాడుతోంది, నాకు మాటలు వినపడలేదు. పిలవబుద్ధి కాలేదు. జడ పూర్తయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.