క్రిస్మస్ ఆరాధనకు టికెట్

ఈ రోజు కువైట్ సిటీలోని షర్క్‌లో ఒక అద్దె హాల్లో మా తెలుగు సంఘం క్రిస్మస్ ఆరాధన జరిగింది. హాలు అద్దె కోసమని ఈసారి మనిషికి రెండు దినార్ల టికెట్ పెట్టారు. ఊరికి దూరంగా జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే మార్తక్కకు ఆ సంగతి తెలియదు. మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, బతిమాలి సెలవు తీసుకుని, చేతిలో ఉన్నది టాక్సీకి ఇచ్చి వచ్చింది.

"టికెట్ లేకపోతే లోపలికి పంపలేం సిస్టర్," అన్నాడు గుమ్మం దగ్గర బ్రదర్.

నేను కొనబోతే మార్తక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దులేమ్మా. ఆయన పుట్టినరోజుకి టికెట్టు కొనుక్కుని రావాలంటే ఎలాగమ్మా?"

మొదటి పాట అయ్యేదాకా బయటే నిలబడి విని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. లోపల వెనక కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అద్దె కట్టాల్సిందే, కాదనను. కానీ ఆమెను పంపేసి మేం పాడిన పాటలు దేవుడు విన్నాడంటారా?